బయటి గడియ

టైర్ల పంచర్ల షాపు పైన, ఒకప్పుడు పళ్ల డాక్టరు ఉండి వెళ్లిపోయిన రెండు గదుల్లో వకీలమ్మ ఆఫీసు. వెళ్తూ వెళ్తూ డాక్టరు అన్నీ పట్టుకుపోయాడు గానీ, రోగులు వెల్లకిలా పడుకునే కుర్చీని మాత్రం పెకలించలేకపోయాడు. దాన్ని నేలకి బోల్టులు వేసి బిగించేశారు. ఆఫీసుకి వచ్చే ఆడవాళ్లు ఎంతసేపైనా నిలబడతారు గానీ అందులో కూర్చోరు. చివరికి వకీలమ్మ దాని మీద పాత ఫైళ్లు పేర్చి ఆ గొడవ వదిలించుకుంది.

ఇక్కడ ఫీజు లేదు. ఆ మాట బోర్డు మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. అయినా మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో ఆగి, "నా దగ్గర ఏమీ లేదమ్మా" అనే మొదలుపెడుతుంది. మొగుడి దెబ్బలకి ఇల్లొదిలినవాళ్లు, పని ఇప్పిస్తామని తీసుకొచ్చి ఎవరికో అప్పజెప్పేస్తే తప్పించుకున్నవాళ్లు, తప్పించుకున్నాక ఎటు పోవాలో తెలియనివాళ్లు. వాళ్ల ముందు మెత్తగానే ఉంటుంది గానీ, మిగతా లోకం విషయంలో వకీలమ్మకి గొంతు పెద్దది, ఓపిక చిన్నది. కోపం వస్తే టైపిస్టుని ఉద్యోగంలోంచి తీసేస్తుంది. ఆ కోపం రోజూ వస్తుంది కాబట్టి టైపిస్టు ఆ మాట చెవిన పెట్టడం ఎప్పుడో మానేసింది.

ఆ రోజు పొద్దున కూడా టైపిస్టు కాయితాలు పక్కన పెట్టి, బాత్రూం బయట గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"అయిందా తల్లీ?"

"అయిందక్కా."

టైపిస్టు గడియ లాగింది. అది కీచుమని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

"ఆ గడియకి కాస్త నూనె పొయ్యమని ఎన్నాళ్ల నుంచి చెప్తున్నా? నిన్ను తీసేస్తున్నా," అంది వకీలమ్మ లోపలి గదిలోంచి.

"అలాగేనండి," అని టైపిస్టు మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఇవాళ కేసున్న పిల్ల, పెద్దమ్మాయి, తడిచేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

పెద్దమ్మాయి లోపల ఉండగా ఏ తలుపు మూసినా బయటి గడియ పడిపోతుంది. ఎవరూ వెయ్యక్కర్లేదు. అసలు గడియే లేని తలుపైతే టక్కుమని చప్పుడొక్కటే వినిపిస్తుంది. ఇక లోపలి నుంచి నలుగురు కలిసి లాగినా రాదు, బయటి నుంచి మాత్రం చంటిపిల్ల తోసినా వచ్చేస్తుంది. కొందరికి ముసురు పడితే మోకాళ్లు పట్టేసినట్టు, ఈ పిల్లకి ఇదొకటి. తలదాచుకుంటున్న హోమ్‌లో ఆడవాళ్లు వంతులేసుకుని ఆమె కోసం బాత్రూం బయట నిలబడతారు. రాత్రిళ్లు ఆమె వరండాలోనే పడుకుంటుంది. కారెక్కితే డ్రైవరు దిగొచ్చి తలుపు తీస్తాడు, చూసినవాళ్లు ఎవరో గొప్పింటి పిల్ల అనుకోవాలి. ఆఫీసులో లోపలి గది తలుపుని టైపిస్టే స్క్రూలు విప్పి ఊడదీసింది. ఇప్పుడది రెండు ట్రంకు పెట్టెల మీద బల్లలా పడుకుని ఉంది, వకీలమ్మ దాని మీదే రాస్తుంది, దాని మీదే తింటుంది.

ఆ బల్లకి ఇటువైపు పెద్దమ్మాయిని కూర్చోబెట్టుకుని వకీలమ్మ అడిగింది. "ఇవాళ ఏం చెప్తావు?"

"గుర్తున్నంత చెప్తానమ్మా."

"పోయినసారీ అదే అన్నావు. ఆ ముందుసారీ అదే అన్నావు. తీరా కోర్టుకెళ్లాక నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డావు."

పెద్దమ్మాయి తలొంచుకుంది. వకీలమ్మకి తన మీద తనకే విసుగొచ్చింది. తిట్టడానికి వేరే మనుషులు లేరా లోకంలో? ఉన్నారు. ఆ మనిషి ఇవాళ కోర్టుకి వస్తోంది.

పెద్దమ్మాయికి అమ్మానాన్నా లేరు, ఒక్క చెల్లెలుంది. పిన్నీ అని పిలిపించుకున్న ఒకావిడ బడిలో వేస్తానని చెప్పి ఇద్దర్నీ రైలెక్కించి, ఈ ఊళ్లో పేరూ పలుకుబడీ ఉన్న ఒక ఇంట్లో దింపి తన దారిన తను పోయింది. ఆ ఇంటావిడని అమ్మగారు అనాలి. అమ్మగారు రెడీమేడ్ చొక్కాల కంపెనీలకి బొత్తాలు కుట్టించి ఇస్తుంది. కుట్టింది ఈ ఇద్దరే. పొద్దున కాసేపు వంటింట్లో, తర్వాత రోజంతా వెనక గదిలో, బయట గడియ. కిందటేడు పెద్దది బయటపడింది. చిన్నది ఇంకా అక్కడే ఉంది.

"ఇద్దరూ నా పెంపుడు పిల్లలు," అని అమ్మగారు కోర్టుకి చెప్పుకుంది. "పెద్దదాని బుద్ధి గడ్డి తిని ఎవడి వెంటో పోయింది, ఇప్పుడు నా మీద నిందలేస్తోంది. చిన్నది నా దగ్గర మహారాణిలా ఉంది." అధికారులు వెళ్లి అడిగితే చిన్నది అమ్మగారి పక్కన నిలబడి ఔనని తలూపింది. ఇక మిగిలింది పెద్దమ్మాయి నోటిమాటొక్కటే. ఇవాళ కూడా చెప్పకపోతే కేసు కొట్టేస్తానని జడ్జిగారు ముందే చెప్పేశారు. అమ్మగారు ఇంట్లో సామాను సర్దించేస్తోందని, ఈ వారంలోనే వేరే ఊరికి మారిపోతోందని టైపిస్టు కనుక్కొచ్చింది. మారితే చిన్నదీ ఆ సామానుతో పాటే వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఎక్కడని వెతకడం?

"ఇవాళ నీకు భయం లేదు," అంది వకీలమ్మ గొంతు తగ్గించి. "జనం ఉండరు. మన పిటిషను ఒప్పుకున్నారు. తలుపులు మూసి విచారిస్తారు."

ఆ పిటిషను వకీలమ్మ ప్రాణం. నల్లకోటు వేసుకున్న కొత్తలో, ఇలాంటి కేసు వచ్చిందంటే పనీపాటా లేనివాళ్లంతా కోర్టు హాల్లో చేరి పళ్లికిలించుకుంటూ వినేవాళ్లు. దాని మీద ఆమె చేసిన యుద్ధం అంతా ఇంతా కాదు. అప్పటి నుంచి ఏ ఆడమనిషి కేసైనా సరే, మొదట మూసిన గదిలో విచారణకి పిటిషను పడాల్సిందే. టైపిస్టు కళ్లు మూసుకుని కొట్టేస్తుంది, వకీలమ్మ చూడకుండా సంతకం పెట్టేస్తుంది. ఈ కేసులోనూ అలాగే కొట్టింది, అలాగే పెట్టింది. ఆఫీసు తలుపుని తన చేత్తో ఊడదీసిన టైపిస్టుకి గానీ, ఆ తలుపు మీదే సంతకం పెట్టిన వకీలమ్మకి గానీ, తాము అడుగుతున్నదేమిటో తట్టనేలేదు.

కోర్టులో జడ్జిగారి హాలు వెనక చిన్న గది ఉంది. ఎత్తున ఒక కిటికీ, దానికి ఇనప జాలీ, రంగులు వేసీ వేసీ అద్దం రెక్క కదలకుండా అతుక్కుపోయింది. గుమ్మం ముందు జవాను అందరి ఫోన్లూ ఒక ట్రేలో వేయించుకున్నాడు. టైపిస్టు అలవాటుగా తలుపు పక్కన గోడకి ఆనుకుంది.

"మీరు కిందకి వెళ్లాలమ్మా," అన్నాడు జవాను.

"ఆ పిల్లకి గడియ ఉందయ్యా. నేనిక్కడ ఉండాలి."

"ఉంటే ఉండనివ్వండి. తలుపు దగ్గర ఈగ కూడా వాలకూడదని నాకు ఆర్డరు. మాటలు బయటికి వినిపిస్తాయట. నేనే ఆ చివర మెట్ల దగ్గర కూర్చుంటున్నా. అయ్యగారు బెల్లు కొడితే వచ్చి తీస్తా."

అందరూ లోపలికి వెళ్లాక తలుపు మూసుకుంది. టక్కుమంది. ఆ చప్పుడు విన్నాక గానీ వకీలమ్మకి తట్టలేదు. ఈ పిల్లని తీసుకొచ్చి, ఎవరికి భయపడి పారిపోయిందో ఆ మనిషితోనే ఒక గదిలో పెట్టి గడియ వేయించింది. వేయించింది తనే, పిటిషను పెట్టి మరీ.

పెద్దమ్మాయి కూడా విన్నది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. ప్రమాణం చెయ్యమంటే చేసింది. ఆ తర్వాత ప్రశ్నలకి నేల చూపులే. వకీలమ్మ మెల్లగా అడిగింది, తిప్పి అడిగింది, బతిమాలినట్టు అడిగింది. అమ్మగారు ఎదురుగా కుర్చీలో జబ్బల నిండా కొంగు కప్పుకుని, కూతురి పెళ్లిచూపుల్లో తల్లిలా సాధువుగా కూర్చుంది.

అమ్మగారి తరఫు ప్లీడరు లేచాడు. మనిషి భారీ, పొద్దుటి నుంచి టీల మీద టీలు తాగి ఉన్నాడు.

"చూడమ్మా, ఆ ఇంటికి తలుపుందా?"

పెద్దమ్మాయి తలూపింది.

"నీకు కాళ్లున్నాయా? ఉన్నాయి. మరి అన్నేళ్లు అంత కష్టమైతే తలుపు తీసుకుని వెళ్లిపోవచ్చుగా? ఎవరు వద్దన్నారు?"

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, చెడ్డవాడు కాదు, అలిసిపోయినవాడు. "సాక్షి ఏమీ చెప్పడం లేదని రాసుకో," అని స్టెనోతో అని, బల్ల మీది బెల్లు నొక్కారు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగింది. బెల్లు మోగలేదు.

జడ్జిగారు స్వయంగా వెళ్లి తలుపు లాగారు. మళ్లీ లాగారు. వెనక్కి తిరిగి అడిగారు. "ఈ అమ్మాయికి గడియ ఉందా?"

"ఉందండీ," అంది వకీలమ్మ.

"ముందే చెప్పొద్దూ?"

వకీలమ్మ తనూ వెళ్లి తలుపు లాగి చూసింది.

ప్లీడరు తలుపు మీద దబదబా బాదాడు. జవాన్ని పేరు పెట్టి పిలిచాడు, పేరు పెట్టకుండా తిట్టాడు. కింద జనరేటరు మొదలైన చప్పుడు. అది హాలుకే గానీ ఈ గదికి లేదు. ఆ మోతలో మెట్ల దగ్గర కూర్చున్నవాడికి ఏం వినపడుతుంది? గదిలో గాలి బిగిసింది. అందరికీ చెమటలు పట్టాయి. ప్లీడరు మళ్లీ పిడికిలెత్తాడు.

"కొట్టకండి సార్," అంది పెద్దమ్మాయి.

అందరూ అటు తిరిగారు. ప్రమాణం తప్ప ఆమె గొంతు వినడం జడ్జిగారికి అదే మొదలు.

"కొడితే ఇంకా ఆలస్యంగా తీస్తారు. కొట్టినందుకు అన్నం కూడా మానిపిస్తారు. ఊరుకుంటేనే మంచిది."

ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. పనిలో కొత్తగా చేరినవాళ్లకి పాతవాళ్లు మంచిచెడ్డలు చెప్తారే, అలా ఉంది. ఆమె లేచి బల్ల మీది నీళ్ల సీసా తీసి వెలుగుకేసి పట్టి చూసింది.

"ఇవి ఒక్కసారే తాగెయ్యకండి. నోరు తడుపుకుంటే చాలు. ఎప్పుడు తీస్తారో తెలీదు కదా. బొత్తం ఒకటి నాలిక కింద పెట్టుకుంటే దాహం తెలీదు."

స్టెనో జడ్జిగారి వైపు చూశాడు. ప్రమాణం చేసిన సాక్షి మాట్లాడుతోంది, ఆపమని ఎవరూ అనలేదు. ఆయన పెన్సిలు కదిలింది.

"ఎవరమ్మా అన్నం మానిపించేది?" అన్నారు జడ్జిగారు.

వకీలమ్మకి మాట గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఎంతమంది జడ్జీల మీద అరిచిందో, ఆ గొంతునంతా పళ్ల మధ్య నొక్కిపెట్టింది. ఇప్పుడు తను మాట్లాడితే ఇది మళ్లీ కోర్టయిపోతుంది.

"అమ్మగారండి," అంది పెద్దమ్మాయి, ఎవరో దారి అడిగితే చూపించినట్టు.

"అబద్ధం!" అని అమ్మగారు లేవబోయి, ఆయాసంతో కూలబడింది.

ఇంతలో ప్లీడరుకి ఇంకో కష్టం వచ్చింది. కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు, జడ్జిగారి చెవిలో ఏదో గొణిగాడు. జడ్జిగారు మాత్రం ఏం చేస్తారు? పెద్దమ్మాయి ఆ నిలబడే తీరు చూసింది. ఏమీ అడక్కుండా బల్ల కింది ప్లాస్టిక్ చెత్తబుట్టలో కాయితాలు నేల మీద పోసేసి, బుట్టని మూలన పెట్టింది.

"అందులో కానివ్వండి సార్. అందరూ గోడవైపు తిరగండి. చెవులు మూసుకుంటే ఆయనకి సిగ్గనిపించదు. మేమూ అంతే చేసేవాళ్లం."

అందరూ తిరిగారు. జడ్జిగారూ తిరిగారు, చెవులు కూడా మూసుకున్నారు. అదయ్యాక ప్లీడరు ఇంకెవరి ముఖమూ చూడలేదు. కాళ్లున్నాయా అని అడిగిన మనిషి కాళ్లు ముడుచుకుని ఓ మూల కూర్చుండిపోయాడు.

అమ్మగారి ఆయాసం ఎక్కువైంది. "ఊపిరాడటం లేదు, ఊపిరాడటం లేదు," అని కొంగుతో విసురుకుంటోంది. పెద్దమ్మాయి ఆమె దగ్గరికి వెళ్లింది. వకీలమ్మ ఆపడానికి ముందుకి కదిలింది. కానీ ఆ పిల్ల అమ్మగారిని చెయ్యి పట్టి లేపి, తలుపు దగ్గరికి నడిపించి, నేల చూపించింది.

"ఇక్కడ పడుకోండి అమ్మగారూ. చెంప నేలకి ఆనించండి. తలుపు కింద సందులోంచి గాలి వస్తుంది. చెల్లీ నేనూ వంతులేసుకునేవాళ్లం."

అమ్మగారు పడుకుంది. పట్టుచీర మట్టి అయిందని కూడా చూసుకోలేదు. ఆ సందు దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చుకుంది.

"ఎంతసేపే ఇలా?" అంది ఏడుస్తూ.

పెద్దమ్మాయి నిజంగానే ఆలోచించి చెప్పింది. "మీరు ఊరెళ్లినప్పుడైతే, మీరు తిరిగొచ్చేదాకా అమ్మగారూ."

గదిలో పెన్సిలు చప్పుడొక్కటే ఉంది. జడ్జిగారు కుర్చీ వదిలేసి గోడవారగా నేల మీద చతికిలబడ్డారు. ఆ తర్వాత ఆయన అడుగుతూ పోయారు. ఆ గదికి కిటికీ ఉందా, వెలుతురెలా, ఒంట్లో బాగోకపోతే ఏం చేసేవాళ్లు, చేతి మీద ఆ మచ్చ ఏమిటి. ఆమె చెప్తూ పోయింది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పింది. చెల్లికి జ్వరమొస్తే చొక్కాల కట్టల మధ్య పడుకోబెట్టిన సంగతి చెప్పింది. అమ్మగారు నేల మీంచి ఒక్క మాటా కాదనలేదు. గాలి వదిలి మాట్లాడే ధైర్యం ఆమెకి లేదు.

చివరికి జడ్జిగారు అడిగారు. "మరి నువ్వెలా బయటపడ్డావమ్మా?"

పెద్దమ్మాయి ఆగిపోయింది. వకీలమ్మకి అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఈ పిల్ల నోరు నొక్కిపెట్టింది అమ్మగారి భయం కాదు. ఏ ప్రశ్న ఎక్కడ మొదలైనా చివరికి వచ్చి ఇక్కడ ఆగుతుందని ఆమెకి తెలుసు.

"చెత్త పారేసి రమ్మన్నారండి," అంది. "అమ్మగారు లోపల ఫోన్లో ఉన్నారు. వీధి తలుపు తీసే ఉంది. చెల్లి వెనక గదిలో ఉంది. గడియ నా చేతికి అందుతోంది. ఆ గడియకి చప్పుడెక్కువ, తీస్తే వినిపిస్తుంది. నేను దాని మీద చెయ్యేశాను. చెల్లి లోపలి నుంచి 'అక్కా, నువ్వేనా?' అంది." ఆమె ఆ చేతినే చూసుకుంది. "నేను పలకలేదండి. చెయ్యి తీసేసి వెళ్లిపోయాను."

వకీలమ్మ ఏడ్చింది. ఏడవడం తప్ప ఇంకేం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. స్టెనో ఆ మాటలు కూడా రాసి, పెన్సిలు పక్కన పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

ఇంకా చాలాసేపటికి గానీ జవానుకి అనుమానం రాలేదు. టీ వేళ దాటినా బెల్లు రాలేదేమని వచ్చి తలుపు తోశాడు. తోయగానే వచ్చేసింది. తలుపు అమ్మగారి నుదుటికి తగిలింది.

"పిలిచారాండీ?" అన్నాడు, నేల మీద కూర్చున్న జడ్జిగారిని చూసి నోరు తెరిచి.

జడ్జిగారు లేవడానికి స్టెనో చెయ్యి పట్టుకున్నారు. "ప్లీడరుగారూ, సాక్షిని ఇంకేమైనా అడుగుతారా?" అన్నారు. ప్లీడరు అడ్డంగా తలూపాడు. జడ్జిగారు నిలబడే ఆర్డరు చెప్పారు. పోలీసులు ఇప్పుడే ఆ ఇంటికి వెళ్లి చిన్నపిల్లని తీసుకురావాలి. వచ్చేదాకా అమ్మగారు ఈ కోర్టు దాటకూడదు, ట్రేలోంచి ఆమె ఫోను ఆమెకి ఇవ్వకూడదు. అన్నీ చెప్పి ఆయన గుమ్మంలో నిలబడి, వరండా గాలిని కొత్తగా చూసినట్టు పీల్చుకున్నారు.

పొద్దు వాలుతుండగా ఒక ఆడ పోలీసు చిన్నదాన్ని వకీలమ్మ ఆఫీసు మెట్లెక్కించి తీసుకొచ్చింది. జుట్టు చెవుల పైకి కత్తిరించేశారు. వేళ్ల నిండా సూది గుచ్చుకున్న నల్లటి చుక్కలు. అక్క ఎదురెళ్లింది. చిన్నది ఆమె వైపు చూడలేదు. గోడని చూసింది, పళ్ల డాక్టరు కుర్చీని చూసింది, ఊడదీసిన తలుపుని చూసింది. ఎవరు తినమన్నా తినలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. చివరికి టైపిస్టుని మాత్రం "బాత్రూం ఎక్కడ?" అని అడిగింది.

చూపించారు. వెళ్లి తలుపు వేసుకుంది.

గడియ టక్కుమని పడింది.

వకీలమ్మ చేతిలో పెన్ను అలాగే ఆగింది. పెద్దమ్మాయి ఇటువైపే ఉంది, అందరి మధ్యా నిలబడి ఉంది. టైపిస్టు అలవాటు కొద్దీ లేవబోయింది.

"నేనుంటానక్కా," అంది పెద్దమ్మాయి. వెళ్లి తలుపు ముందు నిలబడింది. లోపలి నుంచి సన్నగా ఒక గొంతు.

"అక్కా, నువ్వేనా?"

"నేనే," అంది పెద్దమ్మాయి.

గడియ మీద చెయ్యి వేసింది. ఇంకో చెయ్యి కూడా వేసి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. నూనె లేని గడియ కీచుమని అరిచింది, కింద పంచర్ల షాపులో సుత్తి దెబ్బ ఆగిపోయింది. తలుపు మాత్రం ఆమె తెరవలేదు.

"తీసేశాను చెల్లీ. నేనిక్కడే ఉంటా. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా."

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. వకీలమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది, పనులన్నీ అలాగే వదిలేసి. టైపిస్టు దీపం వేసింది. చాలాసేపటికి ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.